అనంతపురం వీధుల్లో అరుదైన కార్లు: ఎక్కడ వెతకాలి, ఎలా గుర్తుపట్టాలి

అరుదైన కారు చూడాలంటే బెంగళూరుకో హైదరాబాదుకో పోవాలంటారు మన కుర్రాళ్లు. ఆ ఊళ్లలో లంబోర్గినీలు, పోర్షాలు తిరిగే మాట నిజమే. కానీ ఖరీదు వేరు, అరుదు వేరు. డబ్బుంటే షోరూముకు పోయి బుక్ చేసుకోగలిగిన బండి ఎన్ని కోట్లదైనా రేపు ఇంకోటి వస్తుంది. 1985లో తయారైన మారుతి 800ని మాత్రం ఇప్పుడు ఏ షోరూమూ అమ్మలేదు. అలాంటివి ఏటేటా తగ్గడమే తప్ప పెరగవు. వాటిని వెతకడానికి అనంతపురాన్ని మించిన ఊరు ఈ చుట్టుపక్కల లేదని నా గట్టి నమ్మకం.

కారణం మన కరువే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే నేల ఇది. గాలిలో తేమ తక్కువ, సముద్రపు ఉప్పు అసలే లేదు. విశాఖలోనో చెన్నైలోనో కారు ఫ్లోరును, మడ్‌గార్డు అంచులను తినేసే తుప్పు ఇక్కడ చాలా నిదానంగా పడుతుంది. ఎండ మాత్రం వదలదు. రంగు వెలిసిపోతుంది, డాష్‌బోర్డు పగులుతుంది, తలుపుల రబ్బర్లు గట్టిపడి ఊడిపోతాయి. అందుకే మన ఊళ్లో పాత బండి పైకి దీనంగా కనిపిస్తుంది, లోపల ఇనుము మాత్రం గట్టిగా ఉంటుంది. ఇది తెలియనివాళ్లు దాన్ని తుక్కు కింద లెక్కేసి దాటిపోతారు. మీరు దాటిపోకూడదు.

రెండో కారణం రోడ్డు. హైదరాబాదును బెంగళూరును కలిపే 44వ జాతీయ రహదారి మన ఊరి పక్కనుంచే పోతుంది. రెండు మహానగరాల మధ్య రోడ్డు మీద కదిలే ఏ వింత బండైనా ఎక్కువగా ఈ దారినే రావాలి. మూడో కారణం పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు మామూలు బండ్లు నేర్చుకోండి

మామూలుది తెలిస్తేనే అరుదైనది కంటికి ఆనుతుంది. సాయంత్రం పూట సప్తగిరి సర్కిల్లోనో గడియార స్తంభం దగ్గరో ఓ పక్కన అరగంట నిలబడండి. వచ్చే ప్రతి కారు పేరూ మనసులో చెప్పుకోండి. బానెట్ మీద గుర్తు చూడకుండా చెప్పాలి, అదే షరతు. హెడ్‌లైట్ల ఆకారం, పైకప్పు వెనక్కి వాలే తీరు, వెనక అద్దం వంపు, చక్రానికి ఎన్ని బోల్టులు అన్నవి చూసి పోల్చాలి. ఒకే పేరుతో వచ్చిన బండిలో ఏ తరానిదో కూడా చెప్పగలిగితే మీ కన్ను తయారైనట్టే. పాత స్విఫ్ట్‌కూ కొత్త స్విఫ్ట్‌కూ తేడా పట్టడం తేలికే. క్వాలిస్‌తో కూడా సాధన చేయవచ్చు. 2000 నుంచి 2005 దాకా వచ్చిన ఆ బండి సీమలో ఇంకా చాలాచోట్ల గట్టిగా తిరుగుతోంది. ముందు జాలీలను, వెనక లైట్లను పోల్చి చూస్తే తొలినాటిది ఏదో చివరిది ఏదో మీకే తెలిసిపోతుంది.

ఈ సాధన విసుగనిపించి మానేసేవాళ్లు చాలామంది. దీన్ని మానేసినవాళ్లకు రోడ్డు మీద ఫెరారీ తప్ప ఇంకేదీ కనపడదు.

నంబర్ ప్లేటు చదవడం

బండి ఎక్కడ పుట్టింది, ఎన్నాళ్లది, ఏ పని మీద వచ్చింది అనే మూడూ ప్లేటు మీద రాసి ఉంటాయి. ఏపీ 02 అంటే అనంతపురం, 04 కడప, 21 కర్నూలు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టారు. కాబట్టి ఏపీ 02 కనిపించిందంటే అది 2019కి ముందు మన జిల్లాలో రిజిస్టరైన బండి. అందులోనూ 02 తర్వాత ఒకే అక్షరం ఉంటే ఇంకా పాతది, రెండక్షరాలుంటే తర్వాతది. ఏపీ 09 నుంచి 13 వరకు ఉన్నవి ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదు బండ్లు, అంటే 2014 జూన్‌కు ముందువి. ఆ తర్వాత టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ అయింది.

అసలు నిధి జిల్లా అంకెలు లేని పాత ప్లేటు. 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి రాకముందు మూడు అక్షరాలు, ఆపైన అంకెలు మాత్రమే ఉండేవి. ఆంధ్రప్రదేశ్ బండ్లు ఏ అక్షరంతో మొదలయ్యేవి. ఎం అక్షరమైతే మైసూరు, మద్రాసు, మహారాష్ట్ర లాంటి వాటిలో ఏదైనా కావచ్చు. సీఏతో మొదలైతే చాలామటుకు కర్ణాటక. మనది సరిహద్దు జిల్లా కాబట్టి పాత కర్ణాటక ప్లేట్లు అప్పుడప్పుడు తగులుతాయి. మూడక్షరాల ప్లేటు కనిపిస్తే ఎంత పనున్నా ఆగండి. ఆ బండి కనీసం మూడున్నర దశాబ్దాలుగా ఎవరో ఒకరి చేతుల్లో బతికి ఉందన్నమాట.

రంగులు కూడా మాట్లాడతాయి. తెలుపు మీద నలుపు సొంత బండి, పసుపు మీద నలుపు అద్దెకు తిరిగేది, నలుపు మీద పసుపు అక్షరాలుంటే సొంతంగా నడుపుకునే అద్దె కారు. 2018 నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు ఆకుపచ్చ. లేత నీలం మీద తెల్ల అక్షరాల్లో సీడీ, సీసీ, యూఎన్ అని ఉంటే విదేశీ దౌత్యవర్గాలవి, ఐక్యరాజ్యసమితివి. పైకి చూసే బాణం గుర్తు ఉంటే సైన్యానిది, బాణం పక్కన రెండంకెలు అది కొన్న సంవత్సరం. ముందు ఏడాది, ఆపైన బీహెచ్ ఉంటే 2021లో మొదలైన భారత్ సిరీస్, బదిలీలయ్యే ఉద్యోగుల బండి. పీవై 01 పాండిచ్చేరి. అక్కడ పన్ను తక్కువని ఖరీదైన కార్లు అక్కడ రిజిస్టర్ చేయించేవాళ్లు ఎందరో. హైవే మీద పీవై ప్లేటు దూరం నుంచే కనిపిస్తే కెమెరా తెరిచి పెట్టుకోండి.

పాత బండ్ల ఆనవాళ్లు

ఇక్కడ తొందరపడొద్దు. ఈ భాగాన్ని నేర్చుకోవడానికి ఎన్నాళ్లయినా పెట్టవచ్చు.

అంబాసిడర్ అంటే అందరికీ ఒకటే. కానీ యాభై ఏళ్లకు పైగా తయారై 2014లో ఆగిన ఆ బండిలో ఎన్నో రకాలున్నాయి, వాటిని ముందు జాలీ చూసే చెప్పాలి. సన్నని చిన్న గళ్లు దగ్గరదగ్గరగా ఉంటే మార్క్ టూ. అడ్డపట్టీల పెద్ద జాలీ, జాలీకి విడిగా గుండ్రటి ఇండికేటర్లు ఉంటే 1975లో వచ్చిన మార్క్ త్రీ. జాలీ చిన్నదై గళ్లు పెద్దవై, పలక పార్కింగ్ లైట్లు విడిగా ఉంటే 1979 నాటి మార్క్ ఫోర్. వీటన్నిటికీ తాత 1954లో వచ్చిన ల్యాండ్‌మాస్టర్. అది మన వీధిలో దొరికితే ఆ రోజు పండగే. జాలీని మాత్రమే నమ్మితే మోసపోతారు. షెడ్లలో ఏ ఏడాది బండికి దొరికిన జాలీ దానికి బిగించేస్తారు. వెనక లైట్లు, డాష్‌బోర్డు, గేర్ రాడ్డు స్టీరింగ్ పక్కనుందా కిందుందా అన్నవి కూడా కలిస్తేనే నిర్ణయం చెప్పండి.

తెల్ల ప్రభుత్వ అంబాసిడర్‌ను ఇప్పుడే చూసుకోవాలి. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదని కేంద్రం నిబంధన తెచ్చింది. ఆఖరి అంబాసిడర్లు 2014వి కాబట్టి 2029 దాటాక ఏ కార్యాలయం ముందూ అది నిలబడే వీల్లేదు. సొంతానికి కొనుక్కున్నవాళ్ల దగ్గర మాత్రమే మిగులుతుంది.

ఫియట్‌లో చూడాల్సింది ముందు తలుపు. 1964లో డిలైట్ అనే మోడల్ రాకముందు వచ్చిన ఫియట్ 1100 బండ్లలో ముందు తలుపు వెనక అంచు దగ్గర బందు ఉండి, ముందు అంచు దగ్గర తెరుచుకుంటుంది. అంటే మనకు అలవాటైనదానికి సరిగ్గా తిరగబడ్డ తలుపు. డిలైట్ తర్వాతవి, 1970ల్లో పద్మిని పేరు పెట్టుకున్నవి మామూలు తలుపులవి. పద్మిని ఇప్పటికీ అక్కడక్కడా దొరుకుతుంది. తిరగబడ్డ తలుపు ఫియట్ దొరికితే తలుపు బందుల ఫొటో తప్పక తీసుకోండి.

స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసు బండి, 1961లో మొదలైంది. దాని బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది, మొసలి నోరు తెరిచినట్టు. ఆ ఒక్క గుర్తు చాలు. 1984 నుంచి 2002 వరకు వచ్చిన కాంటెస్సాకు పొడవాటి బానెట్టే గుర్తు. తర్వాత వచ్చినవాటిలో ఇసుజు ఇంజన్ ఉండేది. మారుతి 800 తొలి బండి 1983 డిసెంబరు 14న ఢిల్లీలో చేతికిచ్చారు. 1986లో ఆకారం మారి గుండ్రబడింది. అంతకుముందు వచ్చిన పలకలాంటి తొలి 800ని, అంటే ఎస్ఎస్ 80ని చూసి చాలామంది ఏదో పాత మారుతిలే అనుకుంటారు. నా లెక్కలో అనంతపురం వీధిలో అది కనబడటం హైవే మీద పోర్షా కనబడటం కంటే పెద్ద సంగతి.

బెంగళూరు దగ్గర కాబట్టి అక్కడి సొంత బండ్లు కూడా మన వైపు వచ్చాయి. సిపానీ కంపెనీ మొదట బాదల్ అనే మూడు చక్రాల కారు చేసింది, 1980ల్లో డాల్ఫిన్ చేసింది. రెండూ ఫైబర్ గ్లాస్ ఒంటివి, తుప్పే పట్టవు. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకోండి. యజమాని సరేనంటే ఒంటికి ఆనించి చూడండి, అతుక్కోకపోతే ఫైబర్. ఇనుప బండి మీద కూడా అక్కడక్కడ అతుక్కోదు, అక్కడ డెంటింగ్ చేసి పుట్టీ పూశారని అర్థం. 2001లో బెంగళూరులో వచ్చిన రేవా ఇంకోటి. రెండు తలుపుల బుడ్డ ఎలక్ట్రిక్ కారు. ఆకుపచ్చ ప్లేట్లు రాకముందువి కాబట్టి ప్లేటు రంగును నమ్ముకుంటే దాన్ని పోగొట్టుకుంటారు.

టాటా సియెర్రా పాతది, 1991లో వచ్చింది, రెండే తలుపులు. వెనక పక్క అద్దాలు పైకప్పులోకి వంగి ఉంటాయి, తెరుచుకోవు. ఆ అద్దం పగిలితే దొరకడం కష్టం. అందుకే అద్దాలన్నీ సొంతవే ఉన్న సియెర్రా అంటే నాకు మహా గౌరవం.

జీపుల విషయంలో జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్, ఫోర్డ్ జీపుల ముందు జాలీకి తొమ్మిది నిలువు చీలికలుంటాయి. తర్వాత వచ్చిన సివిల్ జీపులకు, వాటి నుంచి వచ్చిన మన మహీంద్రాలకు ఏడు. ఫోర్డ్ చేసిన వాటి బోల్టుల తలల మీద ఎఫ్ అక్షరం ముద్ర ఉంటుంది. కానీ హర్యానా సరిహద్దులోని మండీ డబ్వాలీలో కొత్తగా కట్టిన జీపులు దేశమంతా తిరుగుతున్నాయి. చీలికలు ఎవరైనా కోయగలరు. ఛాసిస్, ఇంజన్ నంబర్లు చూడకుండా విల్లీస్ అని తీర్పు చెప్పొద్దు.

ఎక్కడ, ఎప్పుడు

పాత బండి రోడ్డు మీద కంటే షెడ్డులోనే ఎక్కువ కాలం ఉంటుంది. పాతూరు సందుల్లో, బళ్లారి రోడ్డు వెంబడి మెకానిక్ షెడ్లు, టింకరింగ్ షాపులు చూస్తూ నడవండి. నడవాలి, బైక్ మీద పోతే సగం పోతాయి. టార్పాలిన్ కప్పిన ఆకారాలను గమనించండి. పైకప్పు గుండ్రంగా ఉబ్బి ఉంటే అంబాసిడర్, చక్రాల మీద నుంచి తోక లేచి ఉంటే ఫియట్. పాత ఆసుపత్రుల, రైస్ మిల్లుల, పాత వకీళ్ల ఇళ్ల ఆవరణలు కూడా చూడాల్సినవే. 1960, 70ల్లో జిల్లాలో కారు కొనగలిగినవాళ్లు వాళ్లే.

ఏడాదిలో ఒక్క రోజే వీలుంటే ఆయుధ పూజ రోజు బయటికి రండి. ఏడాదంతా కదలని బండి కూడా ఆ రోజు కడిగించుకుని, బంతిపూల దండ వేయించుకుని, చక్రాల కింద నిమ్మకాయలతో వాకిట్లో నిలబడుతుంది. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా వీధి వీధీ తిరగండి. బూడిద గుమ్మడికాయ కొట్టేటప్పుడు ఇంటివాళ్లంతా బండి చుట్టూ ఉంటారు, దాని కథ చెప్పే పెద్దవాళ్లు కూడా అక్కడే దొరుకుతారు. జనవరి 26న, ఆగస్టు 15న పరేడ్ మైదానంలో పెద్దలు వందన స్వీకారానికి ఎక్కే టాప్ లేని జీపును చూడండి. పెళ్లిళ్ల సీజన్లో ఊరేగింపులకు అద్దెకు వచ్చే పాత ఓపెన్ కార్లుంటాయి. కానీ వాటిలో చాలావాటికి కొత్త ఇంజన్లు, తయారుచేసిన ఒళ్లు. చూడముచ్చటగా ఉంటాయి, మీరు చూసినవి రాసుకునే పుస్తకంలో మాత్రం వేరే పేజీలో రాయండి.

ఖరీదైన విదేశీ బండ్లకు ఆదివారం తెల్లవారుజాము మంచిది. బెంగళూరు నుంచి లేపాక్షి చూడ్డానికి వచ్చేవాళ్లు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగుతారు. ఆ మలుపు దగ్గర వేగం తగ్గుతుంది, టీ కొట్లుంటాయి, మీకు చూసే వ్యవధి దొరుకుతుంది. హైవే డివైడర్ మీద నిలబడొద్దు. సర్వీసు రోడ్డు, టీ కొట్టు అరుగు, ఫ్లైఓవర్ పక్క నడకదారి ఉన్నాయి కదా, అవి చాలు. స్టీరింగ్ ఎడమ పక్క ఉన్న బండి కనిపిస్తే దాని సిగ్నల్ లైట్లు కూడా గమనించండి. సైగ చేసే పరికరం పనిచేస్తుంటే తప్ప అలాంటి బండిని రోడ్డు మీద నడపకూడదని మన చట్టంలో ఉంది.

కర్నూలువాళ్లకు మంత్రాలయం దారి ఉంది. రాఘవేంద్రస్వామి ఆరాధన రోజుల్లో కర్ణాటక నుంచి కుటుంబాలు తమ తమ బండ్లలో వస్తాయి.

ముసుగు వేసుకున్న కార్లు

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కట్టిన ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో సెల్టోస్ మొదలైంది. మొదట్లో ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగలిగేలా కట్టిన ఫ్యాక్టరీ. హ్యుందాయ్, కియాల ఇంజినీరింగ్ కేంద్రం హైదరాబాదులో ఉంది. ఈ రెంటి మధ్య ఉన్న రోడ్డు మనది. ఇంకా మార్కెట్లోకి రాని కారు ఒళ్లంతా నలుపు తెలుపు సుడుల స్టిక్కరు చుట్టుకుని రోడ్డు మీదికి వస్తుంది. ఆ సుడులు కంటిని మోసం చేసి ఒంపులు దాచేందుకే వేస్తారు. కాబట్టి ఒంపుల్ని వదిలేసి వాళ్లు దాచలేనివాటిని చూడండి: ముందు చక్రానికి వెనక చక్రానికి మధ్య దూరం, తలుపుల పొడవు, చక్రాల సైజు, పొగగొట్టం ఉందా లేదా. పొగగొట్టం లేకపోతే ఎలక్ట్రిక్ అయ్యే అవకాశం ఎక్కువ.

వాటిని తరమొద్దు, దారికి అడ్డం పోవద్దు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపు కాయొద్దు. రోడ్డు పక్క నిలబడి, మీ ముందుకు వచ్చినదాన్ని చూడటమే మన పని.

యజమానితో మాట

పాత బండి దొరికినప్పుడు ముందు మనిషిని పలకరించండి, తర్వాతే ఫోను తీయండి. "అన్నా, ఎంతకిస్తావ్?" అన్న మాటతో మొదలుపెడితే అక్కడితో ఆగిపోతుంది. కొనడానికి వచ్చే బేరగాళ్లతో వాళ్లకు విసుగు. "అన్నా, ఇది మార్క్ త్రీ కదా? జాలీ సొంతదే ఉన్నట్టుంది" అనండి. బండి తెలిసినవాడని ఒక్క మాటతో అర్థమవుతుంది. "మా నాయన తెచ్చిందప్పా, బళ్లారిలో" అని మొదలవుతుంది, ఆపైన మీరు వింటే చాలు. పెద్దాయనైతే ఏ ఏడాది తెచ్చారు, ఎవరి దగ్గర, పెట్రోల్ అప్పుడెంత, మొదటి ప్రయాణం ఎక్కడికి అని అడగండి. ఇంట్లో ఆడవాళ్లను కూడా అడగండి. తిరుపతికి ఎంతమంది ఇరుక్కుని కూర్చుని పోయారో, కదిరి ఘాట్‌లో ఎక్కడ రేడియేటర్ ఉడికిందో వాళ్లకే బాగా గుర్తుంటుంది.

వద్దంటే వెంటనే సరేనని వచ్చేయాలి. ఇల్లు, పిల్లలు ఫొటోలో పడకూడదు. ఎక్కడైనా పెట్టేముందు నంబర్ ప్లేటును కప్పండి. పాత బండి ఏ వీధిలో ఉందో చెప్పడం దొంగకు దారి చూపడమే.

ఫొటో, పుస్తకం

ఫోను చాలు. హెడ్‌లైట్ ఎత్తుకు వంగి, నాలుగడుగులు వెనక్కి పోయి కొద్దిగా జూమ్ చేయండి. దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బిపోయి ఆకారం చెడుతుంది. ముందు మూల నుంచి ఒకటి, వెనక మూల నుంచి ఒకటి, డాష్‌బోర్డు ఒకటి, కంపెనీ పలక ఒకటి. మధ్యాహ్నం హైవే మీద దూరం ఫొటోలు వేడి సెగకు అలలు అలలుగా వస్తాయి, ఆ సమయం వదిలేయండి.

పుస్తకంలో తేదీ, చోటు, ప్లేటు సిరీస్, మీరు ఏ ఏడాదిదని అనుకున్నారు, ఎందుకు అనుకున్నారు అన్నవి రాయండి. ఆ "ఎందుకు" గడి ఖాళీగా ఉంటే ఆ గుర్తింపును లెక్కలోకి తీసుకోవద్దు. తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి తయారీ కంపెనీ, మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ సరిచూసుకోవచ్చు. చాలా పాత బండ్ల వివరాలు అందులోకి ఎక్కి ఉండవు, అప్పుడు యజమాని దగ్గరున్న పాత ఆర్‌సీ పుస్తకమే ఆధారం.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, ఒళ్లు, ఇంజన్ పెద్దగా మారని బండి కనిపిస్తే యజమానికి ఒక సంగతి చెప్పండి. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం దాన్ని వింటేజ్ బండిగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. అయితే వీఏ ప్లేటు బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్‌కు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిప్పకూడదు. ఆదివారం సంతకో గుడికో తీసుకుపోయే అలవాటున్న పెద్దాయనకు మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి పొడిగించుకోవడం మేలు. ఈ రెండు దారులూ చెప్పి, ఏది కావాలో ఆయన్నే తేల్చుకోనివ్వండి.